మొరం తవ్వాక చెలక మళ్ళీ చెలక అవుతుందా? సంతకానికి ముందు చూసుకోవాల్సిన నేల, నీళ్ళ షరతులు

ప్రశ్న క్లుప్తంగా: మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్ళో నాలుగెకరాల పట్టా చెలక (ఎర్రనేల మెట్ట పొలం). రోడ్డు పని చేస్తున్న కాంట్రాక్టర్ మొరం కోసం అడిగాడు. ఇరవై అడుగులు తవ్వుకుని, అయిపోయాక పూడ్చి చదును చేసి అప్పగిస్తానంటున్నాడు. రోడ్డు పనికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని కూడా చెప్పాడట. పక్కనే పెద్దనాన్న గారి వ్యవసాయ బావి, కింది వైపు ఊరి కుంట ఉన్నాయి. నాన్నగారు వచ్చే వారం సంతకం పెట్టబోతున్నారు. ఏం చూసుకోవాలి?

జవాబు:

ముందు ఆ సంతకం ఆపించండి. ఆలస్యమైతే పోయేది కొద్ది వారాలే. నేను క్వారీ ప్లాన్లు తయారుచేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. తవ్వడం అయిపోయాక బాగుచేసిన చెలక నాకు దాదాపు కనబడలేదు. బాగుపడ్డవన్నీ మొదటి బకెట్ మట్టి లేపకముందే ఎలా బాగుచేయాలో తేల్చుకున్నవి. మీరు అడగాల్సినవన్నీ ఇప్పుడే అడగాలి. హిటాచీ దిగాక మీ మాట వినేవాళ్ళుండరు.

'పూడ్చి ఇస్తా' అన్న మాటతోనే మొదలుపెడదాం. దేనితో పూడుస్తాడు? బొగ్గు గనిలో బొగ్గు మీదున్న మట్టి, బండ కుప్పగా మిగులుతాయి, వాటితో గుంత పూడ్చవచ్చు. మొరం గుంతలో అట్లా మిగిలేది ఏమీ ఉండదు. పైనున్న అడుగు మందం మట్టి తప్ప అంతా టిప్పర్లలో వెళ్ళిపోతుంది. ఇరవై అడుగుల గుంతను నేల మట్టానికి తేవాలంటే అంత మట్టీ ఇంకో చోట తవ్వి తేవాలి. ఆ ఖర్చు పెట్టుకునే కాంట్రాక్టర్ ఎవరూ ఉండరు. పెట్టుకున్నాడంటే, టౌన్ చెత్తో, కూల్చిన ఇళ్ళ శిథిలాలో, ఏ ఫ్యాక్టరీ వ్యర్థమో తెచ్చి నింపుతున్నాడేమో చూడాలి. మొరం తీసేసిన గుంతలో వడపోసే మట్టి పొర ఉండదు. అందులో వేసిన దాని ఊట నేరుగా పెద్దనాన్న గారి బావిలోకి దిగుతుంది. అందుకని ఒప్పందంలో 'పూడ్చాలి' అని రాసుకోకండి. 'తవ్వకం అయ్యేసరికి అడుగు మట్టం ఇంత ఉండాలి, ఇంత వాలు ఉండాలి, దాని మీద ఇంత మందం పైమట్టి పరవాలి, బయటి నుంచి ఏ వ్యర్థమూ తేకూడదు' అని రాసుకోండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. నాలుగెకరాలంటే సుమారు 16,188 చదరపు మీటర్లు. మీ చెలక చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో పక్క 127 మీటర్లు. నేల మొత్తం ఆరు మీటర్ల లోతున నిలువుగా తీస్తే 97 వేల క్యూబిక్ మీటర్ల మొరం వస్తుంది. కాంట్రాక్టర్ మనసులో ఉండేది ఈ అంకే. కానీ హద్దు పొడుగునా 7.5 మీటర్ల పట్టీ తవ్వకుండా వదలాలి. మొరం, గ్రావెల్ లాంటి వదులు నేలల్లో అంచు 45 డిగ్రీలకు మించి నిటారుగా ఉండకూడదు, లేదా మెట్లు మెట్లుగా తవ్వాలి. మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో ఉన్న నిబంధన ఇది. ఇవి పాటిస్తే పైన 112 మీటర్లు, అడుగున 100 మీటర్లు ఉన్న గుంత మాత్రమే తవ్వగలడు. అందులో వచ్చేది 67 వేల క్యూబిక్ మీటర్లు. తేడా దాదాపు 30 వేలు. మన దగ్గర మొరం గుంతలు గోడ కట్టినట్టు నిటారుగా, పక్క పొలం గట్టు దాకా ఎందుకు ఉంటాయో ఈ తేడాయే చెబుతుంది. వానాకాలంలో నీళ్ళు నిండిన అలాంటి గుంతల్లో ఈతకు దిగిన పిల్లలు పైకి రాలేక చనిపోతున్నారు, పశువులు జారి పడుతున్నాయి. గుంత అంచు వాలు సంగతి సంతకానికి ముందే తేలాలి.

ఇక నీళ్ళు. మీ ప్రశ్నలో నాకు అన్నింటికన్నా టెన్షన్ పెట్టింది ఆ బావే.

మన గ్రానైట్ ప్రాంతంలో పైన పలచటి ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కింద గట్టి బండ ఉంటాయి. మొరం అంటే మరేదో కాదు, ఆ బండే చితికి మెత్తబడ్డ పొర. వాన నీళ్ళు ఇంకి నిలిచేది అందులోనే. వ్యవసాయ బావులు బతికేదీ దాని మీదే. కింది బండలో నీళ్ళు పగుళ్ళలో మాత్రమే ఉంటాయి, బోరు వాటి నుంచి లాగుతుంది, ఆ పగుళ్ళకు నీళ్ళు దిగేది కూడా ఈ మొరం లోంచే. కాబట్టి మొరం తవ్వకం అంటే నీళ్ళ నిల్వ పొరను తవ్వడమే.

తవ్వకం నీటి మట్టానికి పైనే ఆగితే నష్టం తక్కువ, సర్దుకోవచ్చు. మట్టం దాటితే చుట్టుపక్కల నీళ్ళన్నీ గుంతలోకి ఊరడం మొదలవుతుంది. మిషన్లు దిగబడకుండా కాంట్రాక్టర్ మోటారు పెట్టి ఆ నీళ్ళు తోడేస్తాడు. అతను తోడేది మీ పెద్దనాన్న బావి నీళ్ళు. అతను వెళ్ళిపోయాక కూడా నష్టం ఆగదు. నీళ్ళు బయటపడ్డాయి కాబట్టి ఎండకు ఆవిరవుతూనే ఉంటాయి. వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు నీటి మీద రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే 60 వేల లీటర్లు. ఎండాకాలమంతా రోజూ అంతంత పోతాయి. అందుకే పర్యావరణ అనుమతుల్లో 'భూగర్భ జల మట్టాన్ని తాకరాదు' అన్న షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

కానీ ఏ కాలపు మట్టం? అసలు మోసం ఇక్కడే జరుగుతుంది. మే నెలలో కొలిచి 'నీళ్ళు నలభై అడుగుల కింద ఉన్నాయి, ఇరవై తవ్వితే ఏమీ కాదు' అని ప్లాన్‌లో రాసేస్తారు. కొలవాల్సింది వానలు వెలిసి బావి నిండుగా ఉన్నప్పుడు, నవంబర్ ప్రాంతంలో. మీరే కొలవండి. తాడుకు రాయి కట్టి బావి ఒర నుంచి నీళ్ళ దాకా ఎంతో చూడండి. తర్వాత మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో బావి ఒరకూ మీ చెలకకూ మధ్య ఎత్తు తేడా తీయండి. రెండూ ఒకే ఎత్తులో ఉండి, నవంబర్‌లో నీళ్ళు 15 అడుగుల్లో కనిపిస్తే, ఇరవై అడుగుల తవ్వకం అంటే నీళ్ళలోకి ఐదు అడుగులు దిగినట్టు. నేనైతే నవంబర్ మట్టానికి పైన ఆరడుగులు తాకకుండా వదిలేయమంటాను, ఎందుకంటే మంచి వానలు పడ్డ ఏడు మట్టం ఇంకా పైకి వస్తుంది. అంటే మీకు కుదిరేది తొమ్మిది అడుగులే. భూగర్భ జల శాఖ వాళ్ళు పీజోమీటర్లలో (నీటి మట్టం కొలిచే బోర్లలో) నెలనెలా కొలతలు తీస్తారు. మీ మండలం రీడింగులు అడిగి తీసుకుని మీ కొలతతో పోల్చుకోండి. ప్లాన్‌లో రాసిన మట్టం ఏ నెలదో కూడా తప్పకుండా చూడండి.

కుంటకు రెండు రకాల దెబ్బ ఉంటుంది. ఒకటి అందరికీ తెలిసిందే, కుప్పల మీది మట్టి, దారి దుమ్ము వానకు కొట్టుకుపోయి కుంటలో మేట వేస్తాయి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మీ చెలక మీదుగా కుంటలోకి పారే వరద గుంతలో పడి అక్కడే నిలిచిపోతుంది, కుంట అలుగు దాకా నిండదు, కింద మడులు ఎండుతాయి. దీనికి మందు గుంత చుట్టూ కాలువ తీయడం, దాన్నే గార్లాండ్ డ్రెయిన్ అంటారు. పై నుంచి వచ్చే నీటిని గుంతలో పడనీయకుండా చుట్టూ తిప్పి, బురద పేరుకునే గుంటలు రెండు దాటించి, మళ్ళీ పాత ఒర్రె (చిన్న వాగు) లోకే వదలాలి. చాలా ప్లాన్లలో కాలువ గీసి ఉంటుంది కానీ అది ఎక్కడ కలుస్తుందో ఉండదు. 'ఈ నీళ్ళు చివరికి ఎటు పోతాయి?' అని అడిగి, గీత ఒర్రె దాకా గీయించండి. బురద గుంటలను వానాకాలానికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తీయించాలి. ఒర్రెను గానీ, కుంట శిఖాన్ని (నీళ్ళు నిలిచే నేలను) గానీ తాకనివ్వకండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచీ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, నీటి వనరుల రక్షణకు రెవెన్యూ వాళ్ళను కదిలించడానికి అది పనికొస్తుంది.

ఇక అనుమతుల సంగతి. రోడ్డు పనికి అక్కర్లేదన్న మాట వెనుక కొంత చరిత్ర ఉంది. 2020 మార్చి 28న కేంద్రం ఒక నోటిఫికేషన్ తెచ్చి, రోడ్లు, పైపులైన్ల లాంటి పనులకు మామూలు మట్టి తీస్తే పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. ఆ గంపగుత్త మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. కాబట్టి 'హైవే పని' అన్న ఒక్క మాటతో సరిపోదు, ఈసీ (పర్యావరణ అనుమతి) కాపీ చూపించమనండి. ఈసీ సంగతి ఎలా ఉన్నా గనుల శాఖ అనుమతి, సీనరేజీ (తీసిన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) ఎలాగూ తప్పవు. పొలం చదును చేసుకుంటున్నామనో, పూడిక తీస్తున్నామనో చెప్పి తోలుకుపోయే అలవాటు కూడా ఉంది. చెరువు పూడిక తీయడానికి మినహాయింపు ఉన్న మాట నిజమే, అది మొరం తవ్వి అమ్ముకోవడానికి కాదు.

చిన్న క్వారీకి ఈసీ ఎందుకన్న ప్రశ్న 2012లోనే తేలిపోయింది. దీపక్ కుమార్ కేసులో ఆ ఏడు ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఐదు హెక్టార్లలోపు చిన్న ఖనిజాల లీజులకు కూడా ముందస్తు పర్యావరణ అనుమతి కావాలంది. 2016లో ఆ పని జిల్లా కమిటీలకు ఇచ్చారు. 2018లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ పద్ధతిని తప్పుబట్టాక రాష్ట్ర స్థాయి సంస్థ చేతికి వచ్చింది. ఒక క్వారీకి 500 మీటర్లలోపు ఇంకో క్వారీ ఉంటే అన్నీ కలిపి క్లస్టర్‌గా లెక్కేస్తారు. మీ చుట్టుపక్కల పాత గుంతలుంటే ఆ సంగతి దాచనీయకండి. తర్వాత కాలుష్య నియంత్రణ మండలి నుంచి రెండు సమ్మతులు కావాలి, మొదలుపెట్టడానికి సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌ఓ. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద ఇస్తారు. ఇవేవీ లేకుండా టిప్పర్ కదిలితే అది అక్రమ తవ్వకం. అప్పుడు గనుల చట్టం 21వ సెక్షన్ కింద అమ్మేసిన ఖనిజం విలువ కూడా వసూలు చేయొచ్చు. కాంట్రాక్టర్ పని ముగించుకుని ఇంకో జిల్లాకు పోతాడు. రికార్డులో ఉండేది మీ సర్వే నంబరు, నోటీసు వచ్చేది నాన్నగారి పేరు మీద.

నేలను బాగుచేసే షరతు ఎక్కడుంటుందో చాలామందికి తెలియదు. పెద్ద ఖనిజాల గనులకు 2017 నాటి నియమాల కింద గని మూసివేత ప్లాన్, దానికి ఆర్థిక పూచీ అన్నీ వేరేగా ఉంటాయి. ఆ నియమాలు మొరం లాంటి చిన్న ఖనిజాలకు వర్తించవు. మనకు 1966 నాటి చిన్న ఖనిజాల నియమాలే ఆధారం. కాబట్టి షరతు అంతా క్వారీ ప్లాన్‌లోనూ, ఈసీ షరతుల్లోనూ వెతుక్కోవాలి. 2020 జనవరి 8న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మీకు ఉపయోగపడుతుంది. తవ్వకం ఆగాక గడ్డి మళ్ళీ మొలిపించి, ఆ నేలను పశువుల మేతకు, మొక్కలకు, జీవాలకు పనికొచ్చే స్థితికి తేవాలన్న షరతును మైనింగ్ లీజుల్లో పెట్టాలని అందులో ఉంది. దాని తర్వాత ఇచ్చిన ఈసీలలో ఆ మాట కనబడుతుంది. మీ ఈసీలో లేకపోతే ఎందుకు లేదని రాసి అడగండి.

క్వారీ ప్లాన్ చేతికొచ్చాక లీజు చివరికి నేల ఎట్లా ఉంటుందో చూపే పటం, అంటే కన్సెప్చువల్ ప్లాన్, మొదట తెరవండి. చాలా వాటిలో 'గుంతను నీటి నిల్వకు వాడతాం' అని ఒక్క వాక్యం ఉంటుంది. అలా రాస్తే అతనికి ఒక్క రూపాయి ఖర్చు ఉండదు. ఫాం పాండ్‌గానో, చేపలకో నిజంగా మీకే కావాలంటే సరే, అప్పుడు దిగే దారి, అంచు వాలు, చుట్టూ కంచె రాయించండి. అక్కర్లేదనుకుంటే, పంట చెలకగానే తిరిగి కావాలని నాన్నగారితో రాతపూర్వకంగా ఇప్పించి ప్లాన్ మార్పించండి.

పంట చెలక కావాలంటే దారి ఉంది. లోతు తగ్గించుకుని, చెలకను పట్టీలుగా విడగొట్టి తవ్వించాలి. మీ ఎర్ర చెలకలో పైమట్టి అడుగో, అడుగున్నరో ఉంటుంది. ప్రాణం ఉన్నదంతా అందులోనే. దాన్ని మొరంతో కలిపి తోలేస్తే మళ్ళీ రాదు. మొదటి పట్టీ పైమట్టిని తీసి పక్కన కుప్ప పోయాలి. ఆ పట్టీలో మొరం అయిపోగానే రెండో పట్టీ మీది పైమట్టిని నేరుగా మొదటి పట్టీలో పరచాలి. అట్లా పోతూ చివరి పట్టీకి మొదట పోసిన కుప్ప వాడాలి. దీనివల్ల మట్టిని రెండుసార్లు ఎత్తే ఖర్చు ఒక్క కుప్పకే ఉంటుంది, కాంట్రాక్టర్ కూడా ఒప్పుకుంటాడు. పట్టీలు లేకుండా అంతా ఒకేసారి తీస్తే అడుగు మందానికే సుమారు 3,800 క్యూబిక్ మీటర్ల మట్టి లేస్తుంది. పది క్యూబిక్ మీటర్ల టిప్పర్లకు 380 ట్రిప్పులు. రెండు మీటర్ల ఎత్తున పోసినా అర ఎకరం పైనే జాగా కావాలి. ఆ జాగా ప్లాన్‌లో చూపించకపోతే పైమట్టి కూడా మొరంతో పాటే పోతుందని అర్థం చేసుకోండి.

కుప్ప రెండు మీటర్లకు మించి ఎత్తు పోయనివ్వకండి, కుప్ప అడుగున ఉన్న మట్టికి గాలి ఆడదు. తొలకరికి దాని మీద జనుమో పిల్లిపెసరో చల్లితే వానకు కరిగిపోదు. పైమట్టి పరిచే ముందు గుంత అడుగును గుర్తు పెట్టుకోండి. టిప్పర్లు తిరిగి తిరిగి అది రోడ్డులా బిగిసిపోయి ఉంటుంది. హిటాచీ పళ్ళతో అడుగున్నర, రెండడుగుల లోతు గీకించి వదులు చేయించాకే పైమట్టి పరవాలి. ఈ పని చేయకపోతే వేళ్ళు దిగవు, వాన నీళ్ళు పైనే నిలిచి పంట ఎర్రబడి చస్తుంది. మట్టి తడిగా ఉన్నప్పుడు పరవనీయొద్దు. అంచు 45 డిగ్రీలుంటే ట్రాక్టర్ దిగదు కాబట్టి కనీసం ఒక వైపు ఆరడుగులకు ఒక అడుగు దిగేలా వాలు చేయించుకోండి. అడుగు మట్టం ఒర్రె వైపు కొద్దిగా వాలి ఉండాలి. అలా వాలే అవకాశం లేనంత లోతు పోతే అది చెలక కాదు, కుంట అవుతుంది. మొదటి రెండేళ్ళు జనుము, పిల్లిపెసర వేసి పూతకు రాగానే కలియదున్నండి, చెరువు మట్టి తోలుకోండి. మూడో ఏడు కందితో మొదలుపెట్టవచ్చు.

ఒప్పందంలో ఇంకొన్ని. నాలుగు మూలలా రాళ్ళు పాతించి, కొలతలకు ఆధారంగా కదలని ఒక బెంచ్ మార్క్ పెట్టించండి, లోతు ఎంత పోయిందో దాన్ని బట్టే తేలుతుంది. మిషన్ల ఆయిల్ మార్పు, డీజిల్ పోయడం గుంతలో కాకుండా పైన సిమెంట్ గచ్చు మీద జరగాలి. డబ్బు మొత్తం ముందే తీసుకుని సంబరపడకండి, అలాగే అతని దగ్గర నుంచి రావాల్సిన పని మొత్తం చివరికి వదలకండి. ఒక్కో పట్టీ బాగుచేశాకే తర్వాతి పట్టీ తెరవాలని రాయించండి. మీకు నిజమైన పట్టు ఆ వాక్యమే. చివరి పట్టీకి బ్యాంకు గ్యారంటీ అడగండి.

ఊరి వైపు నుంచి కూడా కొంత చేయొచ్చు. ఈసీ వచ్చినవాడు దాని కాపీ పంచాయతీకి ఇవ్వాలి. షరతుల అమలు నివేదిక ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న సమర్పించాలి. చుట్టుపక్కల బావుల నీటి మట్టం ఏడాదికి నాలుగుసార్లు కొలవాలన్న షరతు కూడా చాలా ఈసీలలో ఉంటుంది, వేసవిలో, ఆగస్టులో, నవంబర్‌లో, జనవరిలో. ఈ కాగితాలు సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. వాళ్ళు కొలిచినా కొలవకపోయినా పెద్దనాన్న గారు అవే నెలల్లో బావి కొలిచి, తేదీతో ఒక నోటు పుస్తకంలో రాసి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. రేపు బావి ఎండితే 'వానలు లేక ఎండింది' అంటారు. దానికి జవాబు ఆ పుస్తకమే.

తేడా వస్తే ముందు గనుల శాఖ ఏడీకి (అసిస్టెంట్ డైరెక్టర్‌కు), కాలుష్య మండలికి, కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. అక్కడ తెగకపోతే మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచ్ ఉంది. ఈసీ మీదే అభ్యంతరమైతే 30 రోజుల్లో అప్పీల్ వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. షరతుల ఉల్లంఘన మీదైతే ఆరు నెలల్లో, నష్టపరిహారం, నేల పునరుద్ధరణ కోసమైతే ఐదేళ్ళలో వెళ్ళాలి. గడువు దాటాక వచ్చి అడిగేవాళ్ళను చూస్తే బాధేస్తుంది, అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

మీ చెలక టిప్పన్ (సర్వే పటం) కొలతలు, బావి ఎంత దూరంలో ఉంది, ఇప్పుడు నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, ఒర్రె ఏ వైపు ఉంది, ఈ నాలుగూ ఇక్కడ రాయండి. సర్వే నంబరు, పేర్లు పెట్టకండి. ఎంత లోతు దాకా ఒప్పుకోవచ్చో, ఎన్ని పట్టీలు చేయాలో లెక్క కట్టి చెబుతాను.